కార్పల్ టనెల్ ఆపరేషన్‌కి ముందు: ఏ డాక్టరు, ఏ పరీక్ష, ఏ దారి

నడిరాత్రి మెలకువ వస్తుంది. వేళ్లు మొద్దుబారి, సూదులు గుచ్చుతున్నట్టు ఉంటాయి. లేచి కూర్చుని చేతిని గట్టిగా దులుపుకుంటే కాసేపటికి స్పర్శ తిరిగొస్తుంది. మళ్లీ పడుకుంటే మళ్లీ అదే. నాకు ఇలా ఏడాదికి పైగా సాగింది. చివరికి ఒక స్పెషలిస్టు దగ్గరికి వెళ్తే, ఆయన నరాల పరీక్ష రిపోర్టు చూసి, నా చేతిని ఒక్కసారి కూడా పట్టుకోకుండానే ఆపరేషన్‌కి తేదీ రాసిచ్చారు. ఏదో తేడాగా అనిపించి ఇంకొకరి దగ్గరికి వెళ్లాను. ఆవిడ అరగంటసేపు రెండు చేతులూ చూశారు, మెడ అటూ ఇటూ తిప్పించారు, మోచేతి లోపలివైపు తట్టారు. ఆ తర్వాత, "చిటికెనవేలు కూడా తిమ్మిరెక్కుతోందా?" అని అడిగారు. ఎక్కుతోంది. అంతకుముందు ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు. తేలింది ఏమిటంటే, మణికట్టు దగ్గర ఒక నరం నొక్కుకుపోయిన మాట నిజమే (కార్పల్ టనెల్ జబ్బు అంటే ఇదే), దాంతోపాటు మోచేతి దగ్గర ఇంకో నరం కూడా నొక్కుకుపోయింది. మొదటి తేదీకే ఆపరేషన్ చేయించుకుని ఉంటే సగం బాధ అలాగే మిగిలేది. ఆపరేషన్ ఫెయిలైందని ఏడ్చేదాన్ని.

అందుకే "మంచి సర్జన్ ఎవరు?" అని ఎవరైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పను. ఆపరేషన్‌కి ముందు తేలాల్సినవి మూడు ఉన్నాయి. ఇది నిజంగా కార్పల్ టనెలేనా? ఎంత ముదిరింది? దీనికి తోడుగా ఇంకేదైనా ఉందా? ఈ మూడింట్లో మీ విషయంలో ఇంకా తేలనిది ఏదో చూసుకుని, దాన్ని తేల్చగలిగే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. సర్జన్ ఎంపిక దాని తర్వాతి మాట.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు ఇంట్లోనే తేలే సంగతులు

మణికట్టు దగ్గర, అరచేతివైపు, ఒక ఇరుకైన సొరంగం ఉంటుంది. కార్పల్ టనెల్ అనే పేరు దానిదే. అడుగునా పక్కలా చిన్న చిన్న ఎముకలు, పైకప్పుగా ఒక గట్టి లిగమెంట్, అంటే ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ. ఆ సందులోంచి వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండని ఎముకకి కలిపే తాళ్లలాంటివి), వాటితోపాటు మీడియన్ అనే నరం అరచేతిలోకి వెళ్తాయి. లోపల ఏ కాస్త వాపు వచ్చినా టెండన్లు తట్టుకుంటాయి, నరం తట్టుకోలేదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో మధ్యవేలివైపు సగం: స్పర్శ విషయంలో మీడియన్ నరం ఏలుబడి అక్కడివరకే. చిటికెనవేలు వేరే నరానిది, దాని పేరు అల్నార్. నాకు మోచేతి దగ్గర నొక్కుకుపోయింది ఇదే. మరో చిన్న సంగతి చాలామందికి తెలియదు. అరచేతి మధ్య చర్మానికి స్పర్శనిచ్చే కొమ్మ, సొరంగానికి ముందే మీడియన్ నరం నుంచి విడిపోయి దాని పైనుంచి వెళ్తుంది. కాబట్టి వేళ్లతోపాటు అరచేయి మధ్యభాగం కూడా స్పష్టంగా మొద్దుబారితే మణికట్టుకన్నా పైన ఎక్కడో చిక్కు ఉందేమోనని అనుమానించాలి.

ఒక కాగితం మీద మీ రెండు చేతుల బొమ్మలూ గీసుకోండి. తిమ్మిరి ఎక్కడ, నొప్పి ఎక్కడ, స్పర్శ పూర్తిగా లేనిది ఎక్కడ, వేరువేరుగా గుర్తుపెట్టండి. అరచేయివైపూ వెనకవైపూ రెండూ గీయాలి. రెండు వారాలపాటు రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో, పగలు ఏ పని చేస్తుంటే తిమ్మిరెక్కిందో రాయండి. ఫోన్ చెవి దగ్గర పట్టుకున్నప్పుడా, బండి హ్యాండిల్ పట్టుకున్నప్పుడా, పుస్తకం పట్టుకుని చదువుతున్నప్పుడా? గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోందా, చేతిలోంచి వస్తువులు జారిపోతున్నాయా? ఈ కాగితం డాక్టరు చేతిలో పెడితే పది నిమిషాల ప్రశ్నలు తగ్గుతాయి, నాలాగా చిటికెనవేలి సంగతి మరిచిపోయే ప్రమాదమూ తప్పుతుంది.

చేతి తిమ్మిరంతా కార్పల్ టనెల్ కాదని చెప్పడానికి స్వీడన్‌లో 1999లో వచ్చిన అధ్యయనం ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. చేతుల్లో తిమ్మిరి, నొప్పి, మొద్దుబారడం ఉన్నాయన్నవాళ్లు జనాభాలో 14 శాతం పైచిలుకు. డాక్టరు పరీక్షలోనూ, నరాల పరీక్షలోనూ కార్పల్ టనెల్ అని రుజువైనవాళ్లు 2.7 శాతం. అంటే బాధ చెప్పిన ప్రతి ఐదుగురిలో సుమారు ఒకరికి మాత్రమే ఇది ఉంది. మిగతావాళ్ల బాధా నిజమే, దాని కారణం వేరు.

న్యూరాలజిస్టా, హ్యాండ్ సర్జనా?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ఎవరిని కలిసినా మణికట్టునే చూస్తారు గానీ, చూసే చూపు వేరు.

న్యూరాలజిస్టు నరాన్ని వెన్నుపాము నుంచి వేలి కొన దాకా ఒకే దారిగా చూస్తారు. చిక్కు మెడలో ఉందా, భుజం దగ్గరా, మోచేతి దగ్గరా, మణికట్టు దగ్గరా, లేక షుగరు వల్ల నరాలన్నీ దెబ్బతింటున్నాయా అన్నది తేల్చడం ఆయన రోజువారీ పని. మెడలో ఆరో, ఏడో నరం నొక్కుకుపోతే తిమ్మిరి సరిగ్గా బొటనవేలికీ, చూపుడు, మధ్య వేళ్లకే వస్తుంది. అందుకే మెడ జబ్బు మణికట్టు జబ్బులా, మణికట్టు జబ్బు మెడ జబ్బులా భ్రమ కలిగిస్తాయి. మెడ నొప్పి భుజం మీదుగా చేతిలోకి దిగుతున్నా, పాదాల్లో కూడా తిమ్మిరి ఉన్నా, చిటికెనవేలు కూడా కలిసినా, తిమ్మిరి లేకుండా బలం మాత్రమే తగ్గుతున్నా ముందు న్యూరాలజిస్టు దగ్గరికే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. చివరిది మరీ ముఖ్యం. తిమ్మిరీ నొప్పీ ఏమీ లేకుండా చేతి కండ కరుగుతుంటే అది కార్పల్ టనెల్ కాకపోవచ్చు. అక్కడ తొందరపడి కోత పెట్టించుకోకూడదు. నడకలో తూలడం, చేతివేళ్లతో సన్నపని చేయలేకపోవడం కలిసి వస్తే మెడలో వెన్నుపామే నొక్కుకుపోతోందేమో చూడాలి.

హ్యాండ్ సర్జన్ అంటే ఆర్థోపెడిక్ నుంచో, ప్లాస్టిక్ సర్జరీ నుంచో వచ్చి, ఆ తర్వాత చేతి మీదే ప్రత్యేక శిక్షణ తీసుకున్నవాళ్లు. ఏ శాఖ నుంచి వచ్చారన్నది నా దృష్టిలో పెద్ద తేడా కాదు, చేతి ఆపరేషన్లు వారి పనిలో ఎంత భాగమన్నదే చూడాలి. వీళ్ల బలం ఏమిటంటే చేతిలో మిగతా జబ్బులు కంటికి తెలుస్తాయి. బొటనవేలి మొదట్లో కీలు అరిగిందా, వేలు ముడిచినప్పుడు టక్కున పట్టేస్తోందా, మణికట్టు బొటనవేలి వైపు టెండన్ వాచిందా అన్నవి నరాల పరీక్షలో కనిపించవు, సర్జన్ చేతికి తగులుతాయి. ఒకే చేతిలో ఇవి రెండు మూడు కలిసి ఉండటం కొత్తేమీ కాదు. లక్షణాలు అచ్చంగా పుస్తకంలో ఉన్నట్టే ఉండి, మణికట్టు వంగకుండా ఉంచే పట్టీ, అంటే స్ప్లింట్, ఆరు వారాలు వాడాక కూడా తగ్గకపోయినా, బొటనవేలి కింది కండ పలచబడుతున్నా నేరుగా హ్యాండ్ సర్జన్ దగ్గరికి వెళ్లినా తప్పులేదు.

కొన్నిచోట్ల న్యూరోసర్జన్లు కూడా ఈ ఆపరేషన్ చేస్తారు. మెడకీ మణికట్టుకీ రెండుచోట్లా చిక్కు ఉన్నవాళ్లకి ఆ చూపు పనికొస్తుంది. ఫిజికల్ మెడిసిన్ డాక్టర్లు నరాల పరీక్ష చేయగలరు, స్ప్లింటూ ఇంజెక్షనూ చూడగలరు, కోత పెట్టరు. కోత వద్దనుకుంటూ ఇంకా ప్రయత్నించదలచినవాళ్లకి అది మంచి చోటు. వేళ్ల కీళ్లు పొద్దున్నే బిగుసుకుపోయి, వాచి ఉంటే కీళ్లవాతం చూసే డాక్టరు ముందు. ఫ్యామిలీ డాక్టరు ఈ అందరికీ గుమ్మంలాంటివారు. షుగరు, థైరాయిడ్ చూడటం, గర్భమేమో అడగటం, మొదటి స్ప్లింట్ ఇప్పించడం అక్కడే అయిపోవచ్చు. గర్భంలో వచ్చే కార్పల్ టనెల్ చాలామందిలో కాన్పు తర్వాత తగ్గుతుంది కాబట్టి ఆపరేషన్ మాట తొందరగా ఎత్తరు.

గదిలో ఏం జరగాలి

మీరు ఎంచుకున్న స్పెషలిస్టు సరైనవారేనా అన్నది వారి డిగ్రీల కన్నా ఈ పదిహేను ఇరవై నిమిషాల్లో ఎక్కువ తెలుస్తుంది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టించి, బొటనవేలి కింది కండ ఒకవైపు చదునైందేమో చూడాలి. బొటనవేలిని అరచేతి నుంచి పైకి లేపించి, తన వేలితో అదిమి బలం చూడాలి. వేలి కొనల్లో స్పర్శ చూడాలి. రెండు మొనలు ఒకేసారి ఆనించినప్పుడు రెండుగా తెలుస్తున్నాయా, ఒకటిగా అనిపిస్తోందా అని చూసే పరీక్ష ఉంది. మామూలు వేలి కొన 6 మిల్లీమీటర్ల లోపు ఎడమున్న రెండు మొనల్నీ విడిగా పసిగడుతుంది.

ఆ తర్వాత నరాన్ని రెచ్చగొట్టి చూసే పరీక్షలు. మణికట్టును లోపలికి వంచి ఒక నిమిషం ఉంచితే తిమ్మిరెక్కుతుందేమో చూసేది ఫాలెన్ పరీక్ష. మణికట్టు మీద నరం దారిలో తట్టితే వేళ్లలోకి జిల్లుమంటుందేమో చూసేది టినెల్ పరీక్ష. సొరంగం మీద బొటనవేలితో 30 సెకన్లు అదిమి ఉంచేది డర్కన్ పరీక్ష. వీటిలో ఏ ఒక్కదాన్నీ నమ్ముకుని తీర్పు చెప్పలేం, అన్నీ కలిపి చూడాలి. అన్నిటికన్నా, రాత్రి చేయి దులుపుకుంటున్నామని మనం చెప్పే మాటకి మంచి డాక్టర్లు చాలా విలువ ఇస్తారు.

మెడ తిప్పించి చూడటం, మోచేతి దగ్గర తట్టి చూడటం కూడా ఇందులో భాగమే. నా విషయంలో తప్పిపోయినవి ఇవే. వయసు పైబడిన వాళ్లలో, ముఖ్యంగా మగవాళ్లలో, రెండు చేతులకీ కార్పల్ టనెల్ వచ్చి, నడుము దగ్గర వెన్నుపాము దారి కూడా ఇరుకైనట్టు చరిత్ర ఉంటే, ఆయాసం, కాళ్ల వాపు లాంటివి ఉన్నాయా అని అడిగే సర్జన్‌ని నేను ఎంతో గౌరవిస్తాను. అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకునే జబ్బు గుండెకి చేరడానికి కొన్నేళ్ల ముందే మణికట్టులో కనిపించవచ్చు. అనుమానం ఉంటే ఆపరేషన్ సమయంలోనే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారు. చేతి డాక్టరు గుండె జబ్బుని ముందే పట్టిచ్చే అరుదైన సందర్భం ఇది.

నరాల పరీక్షా, అల్ట్రాసౌండా?

నరాల పరీక్షలో మణికట్టు మీదుగా చిన్న కరెంటు పంపి, అది సొరంగం దాటడానికి ఎంతసేపు పడుతోందో కొలుస్తారు. అదే చేతిలో అల్నార్ నరంతో పోలుస్తారు. నరం పైపొర దెబ్బతింటే వేగం తగ్గుతుంది, లోపలి పోగులే చనిపోతుంటే సంకేతం బలమే తగ్గిపోతుంది. ఆ రెండో సంగతి తీవ్రతని చెబుతుంది, ఆపరేషన్ తర్వాత ఎంత తిరిగొస్తుందో ఊహించడానికి ఉపయోగపడుతుంది. సూదితో కండని పరీక్షించే ఈఎంజీ కూడా చేస్తే మెడ నరం సంగతీ తెలుస్తుంది. సూది అంటే భయపడి చాలామంది వద్దంటారు. మెడ మీద అనుమానం ఉన్నవాళ్లు మాత్రం వద్దనకండి. ఇంకో చిన్న జాగ్రత్త: చేయి చల్లగా ఉంటే నరం మామూలుగానే నెమ్మదిగా పనిచేస్తుంది. పరీక్ష చేసేవాళ్లు చర్మం సుమారు 32 డిగ్రీల సెల్సియస్ పైన ఉండేలా వెచ్చబెట్టాలి. చల్లటి గదిలోంచి వెళ్లి వెంటనే పరీక్ష చేయించుకుంటే లేని జబ్బు కనబడొచ్చు.

అల్ట్రాసౌండ్ నొప్పి లేనిది, తొందరగా అయ్యేది. సొరంగం ముఖద్వారం దగ్గర ఉబ్బిన నరం అడ్డకోత వైశాల్యాన్ని కొలుస్తారు. సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే అనుమానం బలపడుతుంది. నరాన్ని నొక్కుతున్న నీటి బుడగ ఉన్నా, కొందరికి పుట్టుకతో నరం రెండు పాయలుగా ఉన్నా ఇందులో కనిపిస్తుంది. అది సర్జన్‌కి ముందే తెలియడం మంచిది. కానీ నరం పని ఎంత చెడిందో అల్ట్రాసౌండ్ చెప్పలేదు, మెడ గురించి ఏమీ చెప్పలేదు. పైగా చేసేవాళ్ల నైపుణ్యం మీద చాలా ఆధారపడుతుంది.

నన్నడిగితే, లక్షణాలు స్పష్టంగా ఉండి తేలికపాటి బాధ ఉంటే అల్ట్రాసౌండ్ చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. ఆపరేషన్ మాట వచ్చిందంటే, లేదా ఏ కాస్త సందేహం ఉన్నా నరాల పరీక్ష చేయించుకోవాలి. అది ఆపరేషన్ తర్వాత పోల్చుకోవడానికి కూడా ఉంటుంది. ఆరు నెలల తర్వాత తగ్గలేదనిపిస్తే పాత రిపోర్టు లేకుండా ఏ డాక్టరూ గట్టిగా చెప్పలేరు. ఎంఆర్‌ఐ మామూలుగా అక్కర్లేదు. ఎక్స్-రే గతంలో ఎముక విరిగినవాళ్లకీ, కీలు అరిగినవాళ్లకే.

అయితే రిపోర్టు చూసి మాత్రమే ఆపరేషన్ నిర్ణయించకూడదు. ఇందాక చెప్పిన స్వీడన్ అధ్యయనంలోనే ఏ బాధా లేని 125 మందికి నరాల పరీక్ష చేస్తే 23 మందికి మీడియన్ నరం నెమ్మదించినట్టు వచ్చింది. వాళ్లెవరికీ ఆపరేషన్ అక్కర్లేదు. దీనికి ఎదురుగా, కార్పల్ టనెల్ నిజంగా ఉండి నరాల పరీక్ష మామూలుగా వచ్చేవాళ్లూ ఉంటారు. చేతికీ రిపోర్టుకీ పొత్తు కుదరనప్పుడు ఎందుకు కుదరలేదో విడమరిచి చెప్పగలిగే డాక్టరే మీకు కావాలి.

రక్తపరీక్షల్లో షుగరు, థైరాయిడ్, బీ12 చూస్తే చాలామందికి సరిపోతుంది.

స్ప్లింట్, ఇంజెక్షన్, ఆపరేషన్

స్ప్లింట్ అంటే మణికట్టును నిటారుగా, అటూ ఇటూ వంగకుండా ఉంచే పట్టీ. రాత్రిపూట వేసుకోవాలి. చాలా పట్టీలు మణికట్టును కాస్త వెనక్కి వంచి ఉంచుతాయి. అలా ఉంటే సొరంగంలో ఒత్తిడి తగ్గకపోగా పెరుగుతుంది. లోపలి రేకును మీరే వంచి నిటారుగా చేసుకోవచ్చు, చేతి థెరపిస్టు చేసిపెడతారు. కనీసం ఆరు వారాలు వాడకుండా "స్ప్లింట్ పనిచేయలేదు" అనడం సరికాదు. రెండు వారాలకే తీసి అవతల పారేసినవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ తొందరకి ఇప్పటికీ బాధపడతాను.

ఇంజెక్షన్ అంటే సొరంగంలోకి వాపు తగ్గించే స్టిరాయిడ్ మందు. బ్రిటన్‌లో 2018లో వచ్చిన అధ్యయనంలో రాత్రి స్ప్లింట్‌తో పోలిస్తే ఇంజెక్షన్ ఆరు వారాల దగ్గర మెరుగ్గా పనిచేసింది, ఆరు నెలలయ్యేసరికి రెండింటికీ పెద్ద తేడా లేదు. స్వీడన్‌లో 2013లో ఇంకోటి చేశారు. స్ప్లింట్‌తో తగ్గనివాళ్లలో కొందరికి మందు, కొందరికి ఉత్త నీళ్ల ఇంజెక్షన్ ఇచ్చారు. ఏడాదిలోపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు ఎక్కువ మోతాదు అందుకున్నవాళ్లలో 73 శాతం, తక్కువ మోతాదువాళ్లలో 81 శాతం, మందు లేనివాళ్లలో 92 శాతం. మందు పనిచేస్తుంది, కానీ చాలామందికి ఆపరేషన్‌ని వాయిదా వేస్తుంది తప్ప తప్పించదు. వాయిదాకీ విలువ ఉంది: పరీక్షలు దగ్గరపడ్డ విద్యార్థికి, గర్భిణికి, పసిబిడ్డ తల్లికి, చేతి పని ఆపలేని నెలల్లో ఉన్నవాళ్లకి. షుగరు ఉన్నవాళ్లకి ఇంజెక్షన్ తర్వాత కొన్ని రోజులు షుగరు పెరుగుతుంది, ముందే చెప్పి జాగ్రత్తపడాలి. ఇంకో లాభం ఏమిటంటే, ఇంజెక్షన్‌తో కొద్ది వారాలైనా తిమ్మిరి చక్కగా తగ్గితే చిక్కు నిజంగా ఆ సొరంగంలోనే ఉందన్న నమ్మకం పెరుగుతుంది.

ఆపరేషన్‌ని స్ప్లింట్‌తో పోల్చిన నెదర్లాండ్స్ అధ్యయనం 2002లో వచ్చింది. ఏడాదిన్నర తర్వాత ఆపరేషన్ వర్గంలో 90 శాతం, స్ప్లింట్ వర్గంలో 75 శాతం బాగుపడ్డారు. అయితే ఆ స్ప్లింట్ వర్గంలో 41 శాతం మంది ఈలోగా ఆపరేషన్ చేయించుకున్నారు. ఈ అంకెని నేను ఇలా చదువుకుంటాను: తేలికపాటి, మధ్యస్థ దశలో స్ప్లింట్‌తో మొదలుపెట్టడం నష్టం కాదు, ఎంతోమందికి అక్కడితో సరిపోతుంది. కానీ ఎదురుచూపుకి ఒక గడువు పెట్టుకోవాలి.

ఎదురు చూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. తిమ్మిరి వచ్చిపోవడం మానేసి రాత్రింబవళ్లు అలాగే ఉండిపోవడం, బొటనవేలి కింది కండ కరగడం, చిల్లర నాణెం లేదా సూది పట్టుకుంటే చేతికి తెలియకపోవడం. వీటిలో ఏది ఉన్నా స్ప్లింట్ పెట్టుకుని ఆరు నెలలు గడపొద్దు. రాత్రి నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోయి మొద్దుబారడం మాత్రం పెరిగితే, కొందరు తగ్గిందని సంబరపడతారు. నరం ఇంకా దెబ్బతింటోందన్న గుర్తు అది కావచ్చు. మణికట్టు ఎముక విరిగిన తర్వాత గంటల్లో తిమ్మిరీ తీవ్రమైన నొప్పీ పెరుగుతూ పోతే స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

తెరిచి చేసేది, కెమెరాతో చేసేది

రెండింట్లోనూ చేసే పని ఒక్కటే, పైకప్పులాంటి ఆ లిగమెంట్‌ని పూర్తిగా కోసి నరానికి చోటు చేయడం. తెరిచి చేసేదాంట్లో అరచేతి మొదట్లో రెండు నుంచి నాలుగు సెంటీమీటర్ల కోత పెట్టి సర్జన్ కళ్లతో చూస్తూ కోస్తారు. కెమెరా పద్ధతిలో ఒకటో రెండో చిన్న రంధ్రాల్లోంచి లోపలి నుంచి కోస్తారు. కెమెరా పద్ధతిలో మచ్చ నొప్పి తక్కువ, పనిలోకి సుమారు వారం ముందుగా వెళ్లవచ్చు. నరానికి తాత్కాలికంగా తిమ్మిరి రావడం లాంటివి అందులో కాస్త ఎక్కువ. ఏడాది తర్వాత చూస్తే ఇద్దరి చేతులూ దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే పద్ధతిని పట్టుకుని డాక్టరుని వెతకడం నాకు నచ్చదు. సర్జన్ చేయి తిరిగిన పద్ధతేదో అదే మీకు మంచిది. ఇంతకుముందు అదే మణికట్టుకి ఆపరేషన్ అయి ఉంటే, నీటి బుడగ ఉంటే, గతంలో ఎముక విరగడం వల్ల ఆకారం మారి ఉంటే తెరిచి చేసేదే మేలు.

మత్తు గురించి తప్పకుండా అడగండి. చాలామందికి చేతికి మాత్రమే మత్తు ఇచ్చి, మెలకువగా ఉండగానే చేయవచ్చు. అడ్రినలిన్ కలిపిన మత్తుమందు వాడి, రక్తం ఆపడానికి పై చేతికి బిగించే పట్టీ కూడా లేకుండా చేసే పద్ధతి ఇప్పుడు బాగా వ్యాపించింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న పెద్దవాళ్లకి అది పెద్ద ఊరట. రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లు వాటిని సొంతంగా ఆపకండి, సర్జన్‌నీ, మందు రాసిన డాక్టరునీ అడగండి.

సర్జన్‌ని కలిసినప్పుడు నేను అడిగిన ప్రశ్నలు

నా చేతిలో ఏం తిరిగొస్తుంది, ఏం తిరిగి రాకపోవచ్చు? ఇది మొదటి ప్రశ్న కావాలి. రాత్రి తిమ్మిరి చాలామందికి తొలి రోజుల్లోనే తగ్గుతుంది. మొద్దుబారిన స్పర్శకి వారాలు, నెలలు పడతాయి, ఎందుకంటే దెబ్బతిన్న పోగులు మళ్లీ పెరిగేది రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పునే. కరిగిన కండ పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. ఈ మూడింటినీ విడివిడిగా చెప్పకుండా "అంతా బాగైపోతుంది" అని ఒకే మాటతో సరిపెట్టేవారిని మళ్లీ అడగండి.

ఆపరేషన్ మీరే చేస్తారా, వేరేవాళ్లు చేస్తారా? ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారు? మీ రోగుల్లో మళ్లీ తెరవాల్సి వచ్చినవి ఉన్నాయా, ఎందుకు? చివరి ప్రశ్నకి ముఖం చిట్లించకుండా జవాబిచ్చినవారి మీద నాకు నమ్మకం కుదిరింది. ఆపరేషన్ తర్వాత లక్షణాలు మునుపటిలాగే ఉండిపోవడానికి ఎక్కువగా కనిపించే కారణాల్లో లిగమెంట్ పూర్తిగా తెగకపోవడం ఒకటి, మొదటే జబ్బు వేరుగా ఉండటం ఇంకొకటి.

కుట్లు తీసేదాకా, అంటే సాధారణంగా 10 నుంచి 14 రోజులు, చేయి తడవకుండా ఎలా చూసుకోవాలి? వేళ్లు మొదటి రోజు నుంచే కదిలించాలా? ఎక్కువమంది సర్జన్లు కదిలించమనే అంటారు, మణికట్టుకి కట్టు బిగించి ఉంచడం ఇప్పుడు తగ్గిపోయింది. అరచేతి మొదట్లో రెండువైపులా ఒత్తిడి పడితే వచ్చే నొప్పి నెలలపాటు ఉండవచ్చు, లేచేటప్పుడు అరచేయి ఆనిస్తే ప్రాణం పోయినంత పని అవుతుంది. ఇది ఆపరేషన్ చెడిందన్న గుర్తు కాదు. పట్టు బలం తిరిగి రావడానికి కొన్ని నెలలు పడుతుంది. మీ పని కూర్చుని చేసేదా, బరువులెత్తేదా, కంపించే యంత్రాలతోనా అన్నది సర్జన్‌కి చెప్పి, దానికి తగ్గట్టు సెలవు అడగండి. కూర్చుని చేసే పనికి కొన్ని రోజుల నుంచి రెండు వారాలు, బరువు పనికి ఆరు వారాలో, అంతకన్నా ఎక్కువో.

ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు చెబితే

నాకు జరిగింది ఇదే, చాలామందికి జరుగుతుంది. ఒకరు ఆపరేషన్ అంటారు, ఇంకొకరు ఆగుదామంటారు. ఎవరు పెద్ద డాక్టరో చూసి తేల్చుకోవద్దు. వాళ్ల అభిప్రాయం దేని దగ్గర విడిపోతోందో చూడండి. జబ్బు పేరు మీదే తేడా ఉంటే ఇంకో పరీక్ష కావాలి: సూది పరీక్షో, మెడ ఎంఆర్‌ఐయో, ఒక ఇంజెక్షన్ ఇచ్చి చూడటమో. తీవ్రత మీద తేడా ఉంటే బొటనవేలి కండ, స్పర్శ, నరాల రిపోర్టులో సంకేతం బలం, ఈ మూడూ ముందు పెట్టి ఇద్దరినీ అడగండి. జబ్బు మీదా, తీవ్రత మీదా ఇద్దరూ ఒకటే మాట చెప్పి, ఎప్పుడన్న దాని మీదే తేడా ఉంటే నిర్ణయం మీది. మీ ఉద్యోగం, నిద్ర, ఇంట్లో సాయం చేసేవాళ్లు, మీ భయం, అన్నీ అందులో లెక్కకి వస్తాయి.

నేను మోచేతికి పగలు మోచేయి వంచే పనులు తగ్గించి, రాత్రి చేయి చాచి పడుకునే పట్టీ వాడాను. మణికట్టుకి మళ్లీ స్ప్లింట్ పెట్టుకుని, ఈసారి పూర్తిగా ఎనిమిది వారాలు వేసుకున్నాను. చిటికెనవేలి తిమ్మిరి తగ్గింది, మిగతా మూడు వేళ్లది తగ్గలేదు. అప్పుడు కుడి మణికట్టుకి ఆపరేషన్ చేయించుకున్నాను, తెరిచి చేసే పద్ధతిలో. ఆ రాత్రే చాలాకాలానికి పొద్దున దాకా పడుకున్నాను. చూపుడువేలి కొన మాత్రం ఆరు నెలలకి గానీ మామూలు కాలేదు.

రెండు చేతులకీ బాధ ఉన్నవాళ్లు ఎక్కువ చెడిన చేతికి ముందు చేయించుకుంటే మంచిది. రెండూ ఒకేసారి చేయవచ్చు, కొందరు చేస్తారు కూడా, కానీ రెండు వారాలపాటు స్నానానికీ, బట్టలకీ పక్కన ఒక మనిషి ఉండాలి. ఒక చేతికి చేసినప్పుడు రెండో చేతి బాధ తగ్గినట్టు కొందరికి అనిపిస్తుంది, కాబట్టి రెండోదానికి అప్పుడే తేదీ పెట్టించుకోకుండా మూడు నెలలు చూసి, చేతి బొమ్మ మళ్లీ గీసుకుని, రాత్రి మెలకువలు మళ్లీ లెక్కపెట్టుకుని వెళ్లండి. నా ఎడమచేతికి ఇంకా ఆపరేషన్ అవసరం రాలేదు.